చెల్లి పిండి, అన్న లడ్డూలు

విజయవాడ భవానీపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరం, అందులో ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకి ముప్ఫై ఏళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతారు. భర్త ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో పని చేస్తారు. మూడున్నరేళ్ళ కిందట, రెండో కాన్పుకి ముందు, అవనిగడ్డ దగ్గర పల్లె నుంచి ఇక్కడికి మారారు. మామగారు పోయాక అత్తగారు కూడా వచ్చేశారు. ఇద్దరు పిల్లలు. బాబుకి ఐదేళ్ళు నిండడానికి ఇంకా రెండు నెలలుంది. ఎత్తు 103 సెంటీమీటర్లు, బరువు 21 కిలోలు. పాపకి మొన్ననే మూడేళ్ళు నిండాయి. ఎత్తు 86 సెంటీమీటర్లు, బరువు 10 కిలోల 400 గ్రాములు.

పోయిన నెల ఒకే వారంలో రెండు జరిగాయట. బాబు బరువు ఎక్కువగా ఉంది, డాక్టర్‌కి చూపించమని స్కూలు డైరీలో రాసి పంపారు. రెండు రోజుల తర్వాత అంగన్‌వాడీ టీచర్ ఇంటికొచ్చి పాపని తూచి, కొలిచి, బరువు కార్డులో పసుపు గీతల్లో, అంటే తక్కువలో, ఉందని చెప్పి బాలామృతం ప్యాకెట్ ఇచ్చి వెళ్ళారు. చేతి చుట్టుకొలత టేపు మాత్రం పచ్చరంగులోనే, 13.4 సెంటీమీటర్ల దగ్గర ఆగిందట.

ఆ ప్యాకెట్ చూసి అత్తగారు మండిపడ్డారు. "సర్కారు పిండి తినాల్సిన ఖర్మ మనకేంటి?" అన్నారు. నాలుగు రోజులయ్యాక ఆవిడే ఆ పిండిలో బెల్లం, నెయ్యి వేసి లడ్డూలు చుట్టారు. పాప ఒకటి కొరికి పారేసింది. మిగతావన్నీ బాబు తిన్నాడు.

భర్తేమో "రేపట్నుంచి వాడికి రాత్రి అన్నం బంద్" అన్నారు. మూడో రోజు కుట్టుమిషను వెనక బిస్కెట్ ప్యాకెట్లు దొరికాయి. ఈవిడ రెండు వంటలు చేయడం మొదలుపెట్టారు. బాబుకి నూనె లేని పుల్కాలు, పాపకి నెయ్యన్నం. పాపకి ఫోన్ చూపిస్తూ గంటంబావు తినిపిస్తే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి, ఐదో ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది. మందుల షాపతను ఆకలి పుట్టిస్తుందని ఒక టానిక్ ఇచ్చాడు, ఇంకా మూత తీయలేదు.

ఈ మధ్య ఒక పెళ్ళిలో దగ్గరి బంధువొకరు నవ్వుతూ "ఏరా, చెల్లి వాటా కూడా నువ్వే లాగించేస్తున్నావా?" అన్నారట. అందరూ నవ్వారు. ఆ రాత్రి బాబు పక్కలో పడుకుని "అమ్మా, నేను చెల్లిది తినేశానా?" అని అడిగాడు.

"ఒకడికి తగ్గించాలి, ఒకదానికి పెంచాలి. ఒకే వంటింట్లో రెండూ ఎలా చేయను? మగపిల్లాడని వాడికి పెట్టి, ఆడపిల్లని ఎండబెట్టానా? అత్తయ్యని ఎలా దారికి తెచ్చుకోవాలి? ఆ టానిక్ వేయనా?" అని ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మీకంటే ముందు మీ బాబుకి జవాబు చెప్పాలి. వాడు చెల్లిది తినలేదు. ఈ మాట వాడికి ఇవాళే చెప్పండి, నాన్న చేత కూడా చెప్పించండి. లడ్డూలు పళ్ళెంలో పెట్టి చేతికిచ్చింది పెద్దవాళ్ళు. ఐదేళ్ళు కూడా నిండని పిల్లాడు తినకుండా ఏం చేస్తాడు? పెళ్ళిలో నవ్విన వాళ్ళకి నా తరఫున ఒక నమస్కారం పెట్టి, మళ్ళీ ఆ మాట అంటే వాడి ఎదురుగానే "అలా అనకండి" అని గట్టిగా చెప్పండి. చుట్టాలు ఏమనుకుంటారోనని ఊరుకుంటే ఆ మాట వాడి మనసులో స్థిరపడిపోతుంది.

మీరు ఉత్తరం నిండా బరువుల గురించే రాశారు. కానీ మీరిచ్చిన అంకెల్లో నాకు కనిపించింది వేరే. కొలతల పట్టిక పక్కన పెట్టుకుని చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన పట్టికలివి. మన దేశంతో సహా ఆరు దేశాల్లో మంచి తిండి, తల్లిపాలు అందిన పిల్లల్ని కొలిచి తయారు చేశారు, కాబట్టి "అవి తెల్లవాళ్ళ లెక్కలు" అని కొట్టిపారేయడానికి లేదు. అందులో మూడేళ్ళ ఆడపిల్ల సగటు ఎత్తు 95 సెంటీమీటర్లు. 87.4 కంటే తగ్గితే వయసుకి తగ్గ ఎత్తు లేనట్టు. మీ పాప 86. బరువు కూడా 10.8 కిలోల గీతకి కొంచెం కిందే ఉంది. అయితే 86 సెంటీమీటర్ల పిల్లకి 10 కిలోల 400 మరీ తక్కువ బరువేమీ కాదు. చేతి టేపు పచ్చరంగులో ఆగింది కూడా అందుకే. 12.5 కంటే తగ్గితే కంగారు పడాలి, 11.5 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. మీ పాప అక్కడ లేదు.

అంటే మీ పాప చిక్కిపోయిన పిల్ల కాదమ్మా, ఎదుగుదల ఆగుతూ వచ్చిన పిల్ల. ఈ రెండూ ఒకటి కావు. చిక్కిపోతే కొన్ని వారాల్లో బరువు పెంచొచ్చు. ఎత్తు వెనకబడింది మాత్రం రెండు మూడేళ్ళుగా కొంచెం కొంచెంగా జరిగిన పని. నెయ్యి పోసినంత మాత్రాన ఎముక పొడవు పెరగదు.

ఇప్పుడు బాబుని చూడండి. ఐదేళ్ళ మగపిల్లాడి సగటు ఎత్తు 110 సెంటీమీటర్లు. మీ వాడు ఇంకా రెండు నెలలు చిన్న, అయినా 103 సగటు కంటే తక్కువే. కంగారు పడాల్సిన గీత దాటలేదు గానీ పొడగరి కాడు. ఆ ఎత్తుకి బరువు సుమారు 16 కిలోలుంటే సరిపోతుంది, 19న్నర దాటితే అధిక బరువు. మీ వాడు 21. మీరు ఐదడుగుల రెండు, మీ వారు ఐదడుగుల ఎనిమిది అని రాశారు. పొట్టి కుటుంబం కాదు కాబట్టి "పోలిక" అన్న మాట ఇక్కడ చెల్లదు.

ఒకడు లావు, ఒకతె సన్నం, ఇద్దరూ రెండు కొసలు అనుకుంటున్నారు మీరు. నాకు మాత్రం ఇద్దరికీ ఒకటే లోటు కనిపిస్తోంది. ఒళ్ళు కట్టే తిండి ఇద్దరికీ చాలడం లేదు. అన్న ఆ ఖాళీని పంచదారతోనూ మైదాతోనూ నింపుకున్నాడు, చెల్లి నీళ్ళపాలతో నింపుకుంది. అందుకే "ఒకడికి తగ్గించాలి, ఒకదానికి పెంచాలి" అన్న లెక్కలో మీరు చిక్కుకుపోయారు.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో వందకి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు. అదే సర్వేలో అధిక బరువు ఉన్న పిల్లలు 2.7 శాతం. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ అంతకు ముందు సర్వేలో అది 1.2. పాతది పోకముందే కొత్తది వచ్చి కూర్చుంటోంది. ఇక రక్తహీనత వందలో 63 మంది పిల్లలకి ఉంది. కాబట్టి బుగ్గలు నిండుగా ఉన్నాయని బాబుకి రక్తం బాగానే ఉంటుందని అనుకోకండి. ఇద్దరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

వెనక్కి వెళ్ళి చూస్తే కారణాలు మీరు రాసినదాంట్లోనే ఉన్నాయి. బాబుకి మూడో నెల నుంచే పాలు చాలడం లేదని డబ్బా పాలు పట్టారు, సీసాలో బిస్కెట్ కలిపి తాగించారు. వాడికి పదమూడు నెలలప్పుడు మీకు మళ్ళీ నెల తప్పింది. ఒక కాన్పు నుంచి మళ్ళీ కడుపు నిలవడానికి కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలంటారు. మీ ఒంటికి ఆ విరామం దొరకలేదు. అప్పుడు మీ హిమోగ్లోబిన్ 8.9, అంటే రక్తం బాగా తక్కువ. పాప 2 కిలోల 300తో పుట్టింది. రెండున్నర కంటే తక్కువంటేనే తక్కువ బరువు కాన్పు అంటారు. కాన్పుకి ముందే ఊరు మారడం, తర్వాత మామగారి అనారోగ్యం, ఆ హడావుడిలో పాపకి తొమ్మిదో నెల దాకా పప్పునీళ్ళు, పాలు తప్ప గట్టి తిండి పడలేదు. ఆరు నెలలు నిండగానే మెత్తటి ముద్ద మొదలుపెట్టాల్సింది. ఇవి మిమ్మల్ని నిలదీయడానికి చెప్పడం లేదు. పాప "పుట్టుకే అంత" అని ఇంట్లో ఎవరైనా అంటే, కాదు, ఇదీ జరిగింది అని చెప్పడానికి మీ దగ్గర మాట ఉండాలి కదా.

రెండో ప్రశ్న నేరుగా అడిగారు, నేరుగానే చెప్తాను. పాపని కావాలని ఎండబెట్టలేదు మీరు. కానీ మీ ఉత్తరంలో "ఉడికించిన గుడ్డు బాబుకి పెడతాను, పాప తినదు కాబట్టి" అన్న వాక్యం ఉంది. ఆదివారం చికెన్ సంగతి రాస్తూ "వాడికి లెగ్ పీస్, పాపకి గ్రేవీ కలిపిన అన్నం" అన్నారు. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. అడిగినవాడికి అందింది, అడగని పిల్లకి అందలేదు. అడగడం వాడికి అలవాటు చేసింది మాత్రం మనమే. దీన్ని వివక్ష అంటారా అంటే, పూర్తిగా కాదని చెప్పలేను. తప్పు చేశానని కూర్చుని ఏడవాల్సిన పని లేదు. పాప ముందు కూడా గుడ్డు పెట్టండి. తినకపోతే తినకపోనీ, రేపు మళ్ళీ పెట్టండి. పది పదిహేనుసార్లు చూసి, ముట్టుకుని, పారేశాక గానీ కొత్త రుచి నోటికి పట్టని పిల్లలు చాలామంది.

ఇక వంటింటి సంగతి. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి ఇప్పుడు చేస్తున్నదే, రెండు వంటలు. కొన్నాళ్ళు నడుస్తుంది. తర్వాత మీరు అలిసిపోతారు. జాకెట్లు ఎప్పుడు కుడతారు? పైగా చెల్లికి నెయ్యన్నం, తనకి ఎండు పుల్కా ఎందుకో బాబుకి అర్థం కాదు, శిక్ష అనుకుంటాడు. కుట్టుమిషను వెనక ప్యాకెట్లు దాచింది అందుకే.

రెండోది మీ వారు చెప్పిన దారి, వాడికి తిండి కోసేయడం. దీనికి నేను ఒప్పుకోను. ఎదిగే పిల్లాడి బరువు దించడం మన పని కాదు. బరువు పెరగడం నెమ్మదిస్తే చాలు, ఎత్తు దాన్ని అందుకుంటుంది. ఇప్పుడు 103 ఉన్నవాడు రెండేళ్ళలో 115 దగ్గరికి వస్తాడు. అప్పటికి బరువు రెండు మూడు కిలోలే పెరిగితే అదే వాడికి పెద్ద వైద్యం. రాత్రి అన్నం మానిపిస్తే ఆ ఆకలి తెల్లవారి పునుగుల బండి దగ్గర తీరుతుంది.

మూడోది ఒకే వంట, వడ్డనలో తేడా. నా మొగ్గు దీనికే. ముద్దపప్పు, తోటకూర వేపుడు, గుడ్డు, పెరుగు ఇద్దరికీ ఒకటే. పాప ముద్దలో ఒక చెంచా నెయ్యో పల్లీ పొడో ఎక్కువ కలుస్తుంది. బాబు పళ్ళెంలో అన్నం కంటే కూర ముందు పడుతుంది. ఎవరి పళ్ళెం వాళ్ళకి సమానంగా కనపడాలి, ఎందుకంటే ఐదేళ్ళవాడు చూసేది కేలరీలు కాదు, చెల్లికి ఇచ్చారా తనకి ఇచ్చారా అన్నదే. ఇందులో కష్టం లేదనను. కూర పెద్దవాళ్ళూ తినాలి. మీ వారు పచ్చడి వేసుకుని కూర పక్కకి నెట్టేస్తే బాబూ అదే నేర్చుకుంటాడు.

కూర అంటే రోజూ దొండకాయ వేపుడే కానక్కర్లేదు. మునగాకు పప్పు, గోంగూర పప్పు, చింతచిగురు కాలంలో చింతచిగురు, శనగలు వేసిన వంకాయ. చేప మీకు కొత్త కాదు కదా, దివిసీమ వాళ్ళు. ముల్లు తీసి పెట్టే ఓపిక ఎవరికైనా ఉంటే వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన నిమ్మరసమో జామకాయ ముక్కో ఉండాలి. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు.

టీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మూడేళ్ళ పిల్లకి టీలో బిస్కెట్ ముంచి పెట్టడం ఇవాళే ఆపేయండి. దీనికి రెండో మాట లేదు.

పాలు మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, అసలు కీలకం అక్కడే ఉంది. పాప రోజుకి నాలుగు సీసాలు తాగుతుందన్నారు. చిక్కటివైతే అరగవని సగం నీళ్ళు కలుపుతారన్నారు. అంటే దాదాపు లీటరు పడుతోంది, అందులో సగం నీళ్ళు. పిల్ల కడుపు ఎంతుంటుంది చెప్పండి, తన పిడికిలి కంటే కాస్త పెద్ద. అది ఎప్పుడూ నిండే ఉంటే ముద్ద బుగ్గలో ఆగక ఏమవుతుంది? పాలల్లో ఇనుము దాదాపు ఉండదు, కాబట్టి రక్తం కూడా తగ్గుతుంది. రక్తం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. చక్రంలా తిరిగి మళ్ళీ సీసా దగ్గరికే వస్తుంది. సీసా తీసేసి గ్లాసులో పోయండి. నీళ్ళు కలపకుండా రెండు చిన్న గ్లాసులు, మొత్తం అర లీటరు లోపే, అదీ అన్నం తిన్నాక. ఒక్కసారిగా నాలుగు సీసాలూ ఆపితే ఇల్లు దద్దరిల్లుతుంది, వారానికి ఒకటి చొప్పున తగ్గించండి. మొదటి పది రోజులు అన్నం పెరగదు, పాలు మాత్రం తగ్గుతాయి. ఇంట్లో అందరూ "పిల్లని మాడ్చేస్తున్నావ్" అంటారు. ఆ పది రోజులు గట్టిగా నిలబడండి.

తినిపించడం ఇరవై నిమిషాలకి మించొద్దు. ఫోన్ వద్దు. కింద చాప వేసి అన్నాచెల్లెళ్ళని ఎదురుబొదురు కూర్చోబెట్టి, పాప ముద్ద పాప చేతికే ఇవ్వండి. ఒంటి నిండా పూసుకుంటుంది, పూసుకోనివ్వండి. రోజుకి ఐదుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. మధ్యలో పెట్టేవి చిన్నగా, బలంగా ఉండాలి, సగం గుడ్డు, అరటిపండు, ఒక సున్నుండ, ఉడికిన శనగలు.

అలాగని పాపని ఎలాగైనా లావు చేయాలన్న పంతం వద్దు. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990ల్లో అక్కడి పల్లెల్లో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్ పిల్లలతో పోల్చి చూసింది. మనవాళ్ళు సగటున 2.7 కిలోలు, వాళ్ళు 3.5. అయినా వీపు దగ్గర చర్మం కింది కొవ్వు చూస్తే మనవాళ్ళకి వాళ్ళకంటే పెద్దగా తక్కువేమీ లేదు, తగ్గింది కండ. చూడ్డానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఉండే తత్వం. అలా చిన్నగా పుట్టిన పిల్లల్ని తర్వాత పంచదార, నూనెలతో తొందరగా లావెక్కిస్తే పెద్దయ్యాక షుగర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. కాబట్టి పాప విషయంలో తూకం కంటే గోడ మీద గీసే ఎత్తు గీతని నమ్ముకోండి.

బాబుకి మార్చాల్సినవి రెండే. ఒకటి పాలల్లో కలిపే పొడి, పైన రెండు చెంచాల పంచదార, అదీ రెండు పూటలా. పంచదార ఒక్కటే దాదాపు 20 గ్రాములు, పొడిలో ఉన్నది లెక్కేయకుండానే. డబ్బా వెనక చక్కెర గ్రాములు రాసి ఉంటాయి, ఒకసారి చూడండి. ఇలాంటి పానీయాల్ని "హెల్త్ డ్రింక్" విభాగంలో పెట్టి అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ 2024 ఏప్రిల్లో ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది. మన ఇళ్ళల్లో మాత్రం ఇంకా అది బలం మందే. రెండోది పది రూపాయల ప్యాకెట్లు. వాడికొక్కడికే మానిపించకండి, ఇంట్లోకే రానివ్వకండి. మీ వారు సాయంత్రం షాపు నుంచి తెచ్చే మిక్చర్ పొట్లం కూడా దాంట్లోకే వస్తుంది, పాపం ఆయనకి ముందే చెప్పి ఉంచండి. బండి దగ్గర ఇడ్లీతో గొడవ లేదు, పునుగులు మాత్రం నెలకి ఒకసారి పండగలా తింటే చాలు.

సాయంత్రం ఒక గంట ఆడనివ్వండి. భవానీపురంలో ఉన్నారు, పున్నమి ఘాట్ దగ్గర. నీళ్ళున్న చోటు కాబట్టి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునే ఉండాలి గానీ, మెట్లెక్కి దిగితే చాలు, పైసా ఖర్చు లేదు. ఆ వయసు పిల్లలకి రోజు మొత్తంలో మూడు గంటల కదలిక ఉండాలని, టీవీ, ఫోన్ కలిపి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పల్లెలో ఉంటే ఈ లెక్క ఎవరికీ అవసరం పడేది కాదు.

ఇప్పుడు మీ అత్తగారు. ఉత్తరం చివర ఒక మాట అలా రాసి వదిలేశారు, నేను అక్కడ చాలాసేపు ఆగిపోయాను. "ఉప్పెన తర్వాత గిన్నె పట్టుకుని గంజి లైన్లో నిలబడ్డ దాన్ని, నాకు చెప్తారా ఆకలి గురించి" అంటుంటారని. ఆవిడకి అరవై మూడు. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదిహేనేళ్ళ పిల్ల. ఆ లైన్లో నిలబడ్డ మనిషికి సర్కారు పిండి ప్యాకెట్ గుమ్మంలోకి వస్తే ఏం గుర్తొస్తుంది? మనవడి బొద్దు బుగ్గలు చూస్తే ఏం గుర్తొస్తుంది? ఆవిడకి ఆ బుగ్గలు ఒక గెలుపు. మా అమ్మ కూడా అంతే, మా అబ్బాయి నెలల పిల్లాడప్పుడు పాలపొడి ప్రకటనలోని బొద్దు పాపాయిలా, "గ్లాక్సో బేబీలా ఉన్నాడు" అని వీధంతా తిప్పింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక ఆ తరానికి కడుపునిండా తెల్లన్నం దొరికింది. అన్నం నిండితే చాలు, అన్నీ నిండినట్టే అని నమ్మడంలో వాళ్ళ తప్పు లేదు.

ఆవిడతో వాదించి గెలవొచ్చు. డైరీ, కార్డు, ఈ అంకెలు ముందు పెడితే నోరు మూయించగలరు. కానీ మీరు మిషను మీద ఉన్నంతసేపూ పిల్లలు ఉండేది ఆవిడ చేతుల్లోనే, లడ్డూ మళ్ళీ ఎవరి చేతికి పోతుందో మీకు తెలుసు. మీ వారి చేత చెప్పిస్తే ఆవిడ వింటారు, అయితే కోడలే ఎక్కించిందన్న మంట ఉంటుంది. ఇంకో దారి, పాప బాధ్యత ఆవిడకే అప్పగించడం. "అత్తయ్యా, పాప మీ చేతి ముద్దే తింటుంది, ఉదయం గుడ్డు, సాయంత్రం సున్నుండ మీరే పెట్టండి, నెలకోసారి గోడ మీద గీత గీద్దాం" అనండి. ఆవిడ పల్లెలో చేసే నువ్వుండలు, రాగి జావ, మునగాకు పొడి మళ్ళీ చేయమనండి. చేతికి పని ఉన్న మనిషి మాటకి అడ్డు తక్కువ వస్తారు. ఇందులోనూ ఒక చిక్కుంది, ఆవిడ పట్టుదల మనిషి, పాపని బలవంతంగా కుక్కే ప్రమాదం ఉంది. అందుకని ఇరవై నిమిషాల నియమం ముందే చెప్పాలి.

బాలామృతం తీసుకోవాలా వద్దా అంటే, తీసుకోండి. అది బిచ్చం కాదు, 1975లో మొదలైన అంగన్‌వాడీ పథకం కింద అందేది, 2013 ఆహార భద్రత చట్టంతో చిన్నపిల్లలకి హక్కు కూడా అయింది. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనె, పంచదార ఉంటాయి అందులో, కాబట్టి మళ్ళీ బెల్లం కలపొద్దు. కానీ ఆవిడ మనసు బాగా నొచ్చుకుంటుంటే ఇంట్లో ఆ ప్యాకెట్ లేకుండానూ నడుస్తుంది. గుడ్డు, పప్పు, పల్లీ రోజూ పడితే చాలు. వదులుకోకూడనిది పిండి కాదు, ప్రతి నెలా ఆ టీచర్ చేసే తూకం, కొలత. ఐదేళ్ళ లోపు పిల్లలకి వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా అక్కడే అడగండి. ఇద్దరికీ.

టానిక్ మూత తీయకండి. ఆకలి పుట్టిస్తాయని షాపుల్లో ఇచ్చేవాటిలో చాలావాటిలో అలర్జీ మందు ఉంటుంది, దాంతో పిల్లలు మత్తుగా ఉంటారు. మందు ఆపాక ఆకలి మళ్ళీ మొదటికే వస్తుంది. పాపని పిల్లల డాక్టర్‌కి ఒకసారి తప్పకుండా చూపించండి. తరచూ విరేచనాలు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, ఇంట్లో ఎవరికైనా చాలా రోజులుగా దగ్గు, మామగారి అనారోగ్యం ఏమిటన్నది, ఇవన్నీ చెప్పండి. మూడు నెలల్లో ఒక్క సెంటీమీటరు కూడా పెరగకపోతే, బరువు తగ్గితే, కాళ్ళు వాస్తే ఆగొద్దు. బాబు నిద్రలో గురక పెడుతున్నా, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారుతున్నా అదీ చెప్పాలి.

చివరి పేజీ వెనక పెన్సిల్‌తో రాశారు, కొట్టేయబోయి వదిలేసినట్టున్నారు. మీరు 74 కిలోలు, హిమోగ్లోబిన్ 9, కళ్ళు తిరుగుతుంటాయి, పిల్లలు వదిలేసిందే మీ భోజనం. పైన చెప్పిన సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్ళలో వందకి 36 మంది అధిక బరువు, దాదాపు 59 మందికి రక్తహీనత. మీరు రెండు లెక్కల్లోనూ ఉన్నారు. బాబుది, పాపది విడివిడి కష్టాలు అనుకున్నారు గానీ, ఆ రెండూ మీ ఒంట్లో కలిసే ఉన్నాయి. రేపట్నుంచి పళ్ళేలు నాలుగు కాదు ఐదు పెట్టండి, ఐదోదాంట్లో గుడ్డు మీది. ఐరన్ మాత్రల కోసం మీరే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, పిల్లల పని మీద వెళ్ళినప్పుడు చూద్దాం అనుకోకండి.

మూడు నెలల తర్వాత మళ్ళీ రాయండి. పిల్లలిద్దరి ఎత్తులు రాయండి, బరువులు తర్వాత. వాటి కింద మీ హిమోగ్లోబిన్ కూడా, ఈసారి పెన్నుతో.